మన సెంటర్ నుంచి వచ్చే లింకుల గురించి

మా నెట్ సెంటర్ నుంచి వాట్సాప్‌లో నోటిఫికేషన్ లింకులు అందుకుంటున్న అన్నలకు, అక్కలకు, తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నమస్కారం. ఈ నెల నుంచి పద్ధతి మారుస్తున్నాను. ఎక్కడి నుంచో వచ్చిన లింకును వచ్చినట్టే మీకు పంపడం ఇక ఉండదు. నేను తెరిచి, సరిచూసి, పట్టికలో రాసుకున్న లింకులే మీకు చేరతాయి. దీనివల్ల కొన్ని కబుర్లు మీకు ఒక పూట ఆలస్యంగా అందుతాయి. తెలిసే ఆ ఆలస్యానికి ఒప్పుకున్నాను. నా దృష్టిలో లింకు పంపడమంటే దానికి పూచీ పడటమే.

2024లో మన తెలంగాణ రాష్ట్రం పొట్టి పేరు టీఎస్ నుంచి టీజీ అయింది. దాంతో పబ్లిక్ సర్వీస్ కమిషన్, ఉన్నత విద్యామండలి వంటి సంస్థల పేర్లూ, వాటి వెంట వెబ్‌సైటు చిరునామాలూ మారాయి. 2025 ఏప్రిల్‌లో భూముల రికార్డుల సైటు ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. మీరు ఫోన్లలో దాచుకున్న పాత లింకులు తెరుచుకోక, గూగుల్‌లో వెతికితే ముందు ప్రకటనలు ఎదురవుతాయి. అసలు సైటును పోలిన నకిలీలు కాచుకుని ఉండేది అక్కడే. పాస్‌పోర్టు దరఖాస్తుల పేరుతో డబ్బు గుంజే సైట్ల గురించి విదేశాంగ శాఖే ప్రజలను హెచ్చరించాల్సి వచ్చింది.

పట్టికలో మొదటి గడి ‘మనవాళ్లు అడిగే పేరు’. నాకు అన్నిటికంటే ముఖ్యమైనది అదే. ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఇప్పుడు ఈఏపీసెట్, కానీ తల్లిదండ్రులు ఎంసెట్ అనే అడుగుతారు. రైతులు ఇప్పటికీ ధరణి అనే అంటారు. కాబట్టి భూభారతి వరుసలో ‘ధరణి, పాస్‌బుక్, పహాణీ’ అని కూడా రాశాను. మీరు ఏ పేరు చెప్పినా ఆ వరుస దొరకాలి. ఆ పక్కన అసలు చిరునామా, నడిపే శాఖ, చివరి తేదీ, ఫీజు, కావలసిన కాగితాలు, ఫొటో ఎన్ని కేబీలలో ఉండాలి అన్నవి. ఆఖరి గడిలో నేను చివరిసారి తెరిచి చూసిన తేదీ. మీకు పంపే సందేశంలోనూ ఆ తేదీ ఉంటుంది. అది పాతబడిందనిపిస్తే డబ్బు కట్టేముందు ఒక్కసారి నన్ను అడగండి.

చిరునామా చివర జీఓవీ డాట్ ఇన్ ఉంటే అది ప్రభుత్వ సంస్థలకు మాత్రమే ఇచ్చేది. అయితే అన్నీ అలాగే ఉండవు. ప్రవేశ పరీక్షల సైట్లు కొన్ని ఏసీ డాట్ ఇన్‌తో ముగుస్తాయి, రైలు టికెట్ల ఐఆర్‌సీటీసీది సీఓ డాట్ ఇన్. అందుకే చివరి అక్షరాలు చూసి ఊరుకోకుండా, శాఖ ప్రధాన వెబ్‌సైటు నుంచి దారి పట్టుకుని అక్కడికి వెళ్లి చూస్తున్నాను.

పొట్టి లింకులు పంపను. అవి ఎక్కడికి తీసుకెళ్తాయో నొక్కేదాకా తెలియదు. లాగిన్ అయ్యాక కాపీ చేసిన లింకులూ పంపను, అవి చాలావరకు మరొకరి ఫోనులో తెరుచుకోవు. ఫేస్‌బుక్ నుంచి వచ్చిన లింకులకు ప్రశ్నార్థకం తర్వాత పొడవాటి తోక ఉంటుంది, దాన్ని కత్తిరిస్తాను. కొన్ని ప్రభుత్వ సైట్లలో నోటిఫికేషన్ నంబరు ఉండేది ఆ భాగంలోనే. అది తీసేస్తే పేజీ రాదు. కాబట్టి కత్తిరించిన ప్రతి లింకునూ మళ్లీ తెరిచి చూడాల్సిందే.

పట్టిక నా కంప్యూటర్‌లో మామూలు ఎక్సెల్ ఫైలుగా ఉంటుంది, నకలు పెన్‌డ్రైవ్‌లో. లింకులు దాచిపెట్టే సేవలు ఎన్నో ఉన్నాయి గానీ, వాటి ఆయుష్షు మన చేతిలో లేదు. ఎంతో పేరున్న పాకెట్‌ను మొజిల్లా 2025 జులై 8న మూసేసింది. లింకుతోపాటు నోటిఫికేషన్ పీడీఎఫ్‌నూ దాస్తున్నాను. గడువు దాటాక సైటులోంచి అది తీసేస్తే, సర్టిఫికెట్ల పరిశీలన నాటికి అర్హత నిబంధన ఏమని ఉందో చూసుకోవడానికి మీకు ఆధారం ఉండదు. కావలసినవారు వచ్చి అడగండి, పీడీఎఫ్ ఊరికే ఇస్తాను. ప్రింటుకు మాత్రమే డబ్బు.

ఇక డబ్బు సంగతి దాపరికం లేకుండా చెబుతాను. సరైన లింకు చేతికిస్తే మీలో కొందరు ఇంట్లోనే ఫోనులో దరఖాస్తు నింపుకుంటారు, నాకు సర్వీసు చార్జీ రాదు. రాకపోయినా సరే. సొంతంగా నింపుకోగలిగినవారిని నా కుర్చీ ముందు కూర్చోబెట్టడం నాకు ఇష్టం లేదు. స్కానింగ్, ప్రింట్లు, ఫొటోలు, ఫారం నింపడం చేతకాని పెద్దవాళ్ల పనులు, వీటితో సెంటర్ నడుస్తుంది. డబ్బు తీసుకుని కోచింగ్ సెంటర్ల లింకులు మాత్రం ఈ పట్టికలో చేర్చను. అడిగినవారికి ఇప్పటికే ఆ మాట చెప్పాను.

సందేశాలు ఇక బ్రాడ్‌కాస్ట్ జాబితాలో వస్తాయి. మీ నంబరు మిగతావారికి కనిపించదు. అయితే సెంటర్ నంబరు మీ ఫోనులో సేవ్ అయి ఉంటేనే సందేశం చేరుతుంది, కాబట్టి ముందు ఆ పని చేయండి. ఒక్కో జాబితాలో 256 మందికి మించి పట్టరు. అందుకే విద్యార్థులకు, ఉద్యోగార్థులకు, రైతులకు వేర్వేరు జాబితాలు చేస్తున్నాను. మీకు ఏది కావాలో పేరుతోపాటు రాసి పంపండి. లింకు తెరుచుకోకపోతే స్క్రీన్‌షాట్ పంపండి, ఆ రోజే చూస్తాను. ఆదివారం వచ్చినవి సోమవారం ఉదయం చూస్తాను. ఓటీపీలు, పాస్‌వర్డ్‌లు మాత్రం నాకు కూడా పంపవద్దు.