గోరుచుట్టు అనుకుని మూడు రోజులు పోగొట్టుకున్నాం

సంపాదకులకు నమస్కారం.

మాది గూడూరు దగ్గర పల్లె. రెండెకరాల నిమ్మతోట. కిందటి కార్తీకంలో కాయలు కోస్తుంటే మా ఆయన కుడిచేతి మధ్యవేలికి, అరచేతి వైపు, ముల్లు దిగింది. నిమ్మతోటలో ముల్లు కొత్తేం కాదు. పీకేసి పని చేసుకున్నాడు. మర్నాటికి వేలు సలుపు మొదలైంది. గోరుచుట్టు అనుకుని మా అత్తమ్మ నిమ్మకాయకు బొక్క పెట్టి, పసుపు వేసి తొడిగింది. ఊళ్లో ఆర్‌ఎంపీ నొప్పికి సూది వేశాడు. ఆ రాత్రి కాస్త నిద్ర పట్టేసరికి తగ్గిందనుకున్నాం. అలా మూడు రోజులు పోయాయి.

నెల్లూరులో డాక్టరు గారు చూపిస్తేనే తేడా తెలిసింది. గోరుచుట్టుకు గోరు పక్కన వాస్తుంది. ఈయనకు గోరు బాగానే ఉంది, వేలంతా మొదలు నుంచి కొస దాకా ఒకే లావున ఉబ్బింది. కొంచెం వంగి అలాగే ఉండిపోయింది. పెన్ను వెనక వైపుతో అరచేతి నుంచి వేలి మధ్యగా నొక్కుకుంటూ పోతే ప్రతిచోటా నొప్పే. చివరికి గోరు పట్టుకుని, వంగిన వేలిని రవ్వంత చాపబోయారు. బస్తాలు మోసే మనిషి బావురుమన్నాడు. నాలుగు గుర్తులూ ఒకేసారి రావాలని లేదట, మొదట్లో ఆ చివరి నొప్పి ఒక్కటే ఉండొచ్చట.

వేలిని ముడిచే నరం (స్పర్శ తెలిపే నరం కాదు, కండరాన్ని ఎముకకు కలిపే తాడు లాంటిది, టెండన్ అంటారట), సైకిల్ బ్రేకు వైరులా ఒక తొడుగులో జారుతుందట. అందులో చీము పడితే బయటికి దారి ఉండదు. ఒత్తిడికి రక్తం అందక నరమే చచ్చిపోతుందట. మొదటి రోజే వస్తే ఒక్కోసారి రక్తనాళంలోకి యాంటీబయాటిక్స్ ఇచ్చి, చెయ్యి ఎత్తి కట్టి, కనిపెట్టి చూస్తారట. మాకు ఆ అవకాశం దాటిపోయింది. అరచేతిలో ఒక కోత, వేలి కొస దగ్గర ఇంకో కోత పెట్టి, సన్నని గొట్టంతో సెలైన్ పంపి కడిగారు. ఈయనకు షుగర్ కూడా ఉంది, అందుకే ఇంకా ముదిరిందన్నారు.

అయిదు నెలలుగా వేలి కసరత్తులు చేయిస్తున్నాను. ఇప్పటికీ అన్నం కలిపేటప్పుడు ఆ వేలు ముడుచుకోక విడిగా నిలబడుతుంది. చూసినప్పుడల్లా ఆ మూడు రోజులే గుర్తొస్తాయి.

మీ వ్యవసాయ పేజీలో నిమ్మకు వచ్చే తెగుళ్ల బొమ్మలు వేస్తుంటారు. ఒక్కసారి వేలి బొమ్మ వేసి ఈ నాలుగు గుర్తులూ అచ్చు వేయండి. ఆ కాగితం నేనే కత్తిరించి మా నిమ్మకాయల మార్కెట్టులో అతికిస్తాను.

— ఒక నిమ్మరైతు భార్య, గూడూరు