పాప డబ్బు పాపకి అందింది, అందరికీ మనసారా కృతజ్ఞతలు

మొన్న శుక్రవారం నా అకౌంట్‌లో చైల్డ్ సపోర్ట్, అంటే పాప ఖర్చులకి వాళ్ళ నాన్న కట్టాల్సిన డబ్బు, పడింది. 14 నెలల తర్వాత. ఆ మెసేజ్ చూసి ఆఫీసు పార్కింగ్‌లో కారులోనే కూర్చుని ఏడ్చాను. ఇన్నాళ్ళూ తోడున్న అందరికీ విడివిడిగా ఫోన్ చేయలేక ఇక్కడ రాస్తున్నాను.

మా విడాకులు టెక్సాస్‌లోని డాలస్‌లో అయ్యాయి. పాప నా దగ్గరే ఉంటుంది. నెలనెలా ఇంత కట్టాలని కోర్టు ఆర్డర్ ఉంది. ఆయన ఉద్యోగం మారి న్యూజెర్సీ వెళ్ళాక డబ్బు ఆగిపోయింది. రాష్ట్రం దాటితే టెక్సాస్ ఆర్డర్ చెల్లదేమో అనుకున్నాను. ఒక లాయర్‌ని అడిగితే అక్కడ కొత్తగా కేసు వేయాలన్నారు. అడ్వాన్స్ ఫీజే నా రెండు నెలల జీతం. ఖమ్మంలో అమ్మేమో "పోనీలే తల్లీ, వాడి డబ్బు మనకెందుకు" అంది. నాకూ వదిలేద్దామనే అనిపించింది.

అప్పుడు గుడిలో పరిచయమైన అక్క, "అది నీ డబ్బు కాదమ్మా, పాపది. వదిలెయ్యడానికి నువ్వెవరు?" అని అడిగింది. ఆ మాటకి ఆ రాత్రి నిద్రపట్టలేదు.

అక్క ఒక లా ఆఫీసులో పారాలీగల్, అంటే లాయర్లకి కేసు పనుల్లో సాయం చేసే ఉద్యోగం. రెండు శనివారాలు మా ఇంటికొచ్చి కాగితాలన్నీ ముందేసుకుని ఓపిగ్గా చెప్పింది. యూనిఫాం ఇంటర్‌స్టేట్ ఫ్యామిలీ సపోర్ట్ యాక్ట్ అని ఒక చట్టం ఉందట, 50 రాష్ట్రాల్లోనూ అమల్లో ఉంది. మేము టెక్సాస్‌లో ఉన్నంతకాలం మా ఆర్డర్ బతికే ఉంటుంది. జీతం నుంచి కోత కోసే ఆర్డర్‌ని వేరే రాష్ట్రంలోని కంపెనీకి నేరుగా పంపొచ్చు, ముందుగా అక్కడి కోర్టులో రిజిస్టర్ చేయించాల్సిన పని కూడా లేదు. టెక్సాస్‌లో ఈ పని చూసేది అటార్నీ జనరల్ (రాష్ట్ర ప్రభుత్వ ప్రధాన లాయర్) ఆఫీసులోని చైల్డ్ సపోర్ట్ విభాగం. అప్లికేషన్‌కి ఫీజు లేదు. ఇది తెలియక ఏడాది పైన టెన్షన్ పడ్డాను. నాలాంటి వాళ్ళు ఇంకెవరైనా ఉంటే తెలియాలనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఆయన ఏ కంపెనీలో చేరారో నాకు తెలియదు. తెలియకపోయినా ఫరవాలేదట. కొత్తగా ఎవరిని ఉద్యోగంలో పెట్టుకున్నా 20 రోజుల్లోపు కంపెనీ ప్రభుత్వానికి చెప్పాలి, ఆ వివరాలు దేశమంతటికీ ఒకే చోట చేరతాయి. మా కేసు చూసిన ఆఫీసరు గారు అలాగే పట్టుకున్నారు. నేను కంగారుగా ఎన్నిసార్లు ఫోన్ చేసినా విసుక్కోకుండా, పాత బాకీ ఎక్కడికీ పోదని, గడిచిన నెలలది కోర్టు కూడా వెనక్కెళ్ళి తగ్గించలేదని, దానిపై టెక్సాస్‌లో ఏడాదికి 6 శాతం వడ్డీ కూడా పడుతుందని చెప్పారు. ఆవిడకి తెలుగు రాదు, అయినా ఇక్కడ దణ్ణం పెట్టకుండా ఉండలేను.

కాగితాల పని ఉన్న రోజుల్లో పాపని స్కూల్ నుంచి తెచ్చి, అన్నం పెట్టి, హోంవర్క్ కూడా చేయించిన పక్కింటి వదినకీ అన్నయ్యకీ ఎంత చెప్పినా తక్కువే. అద్దెకి చేబదులిచ్చి ఒక్కసారి కూడా గుర్తుచేయని నా స్నేహితురాలికి వచ్చే నెల నుంచి తీర్చడం మొదలుపెడతాను.

అమ్మకి చెబితే కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఆ అక్కకి చీర పెట్టు" అంది.

అక్కా, వద్దని అంటావని తెలుసు. ఈ బతుకమ్మకి తప్పకుండా తీసుకోవాలి.