బండి మీద ఫోన్ ఎత్తకు తల్లీ

తెనాలి,
శుక్రవారం రాత్రి.

చి. అమ్ములుకి అమ్మ దీవించి రాసే ఉత్తరం.

ఇక్కడ మేమంతా క్షేమం. మీ నాన్నకు మోకాలి నొప్పి కాస్త తగ్గింది. పెద్దత్త మళ్ళీ మేడ మీది గదిలోకే మారింది. పెరట్లో జామచెట్టు ఈసారి విరగకాసింది, కోసేవాళ్ళు లేక సగం చిలకల పాలవుతోంది. వాట్సాప్‌లో పెడితే సగం చదివి బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకుంటావని కాగితం తీశాను. తీరిగ్గా కూర్చుని చదువు.

నీ గొంతు విని తొమ్మిది రోజులైంది. 'మీటింగ్‌లో ఉన్నానమ్మా, తర్వాత చేస్తా' అని మూడుసార్లు మెసేజ్ పెట్టావు. పని ఎక్కువగా ఉంటుందని నాకు తెలుసు, నేనూ ముప్పై ఒక్క ఏళ్ళు బ్యాంకులో ఉద్యోగం చేసినదాన్నే. అందుకోసం రాయడం లేదులే. ఊరికే నాలుగు కబుర్లు చెబుదామని.

మొన్న ఆదివారం చిట్టి పిన్ని వాళ్ళొచ్చారు. నాలుగు కట్టలు ఎర్ర గోంగూర తెచ్చింది. పచ్చడి పట్టి నీకో సీసా తీసిపెట్టాను, ఎవరైనా హైదరాబాద్ వస్తుంటే పంపిస్తా. బుజ్జిగాడు కూడా వచ్చాడు. అన్నం తింటూ మాటల్లో మాటగా, 'అక్కని జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ సిగ్నల్ దగ్గర చూశాను పెద్దమ్మా. పిలిస్తే వినిపించుకోలేదు. హెల్మెట్‌లో ఫోన్ దోపుకుని ఇంగ్లిష్‌లో మాట్లాడుతోంది' అన్నాడు. అక్క ఎంత బిజీగా ఉందో చూడండని గొప్పగానే చెప్పాడు పాపం. మీ నాన్న అన్నం ముందు నుంచి లేచి పెరట్లోకి వెళ్ళిపోయారు. మజ్జిగ పోసుకోలేదు.

వాడు చూసింది నిన్నో, ఇంకెవరినో. సరే, ఆ సంగతి అలా ఉంచు.

పొద్దున్నే ఏం తిని వెళ్తున్నావు? వట్టి కాఫీ తాగి బయల్దేరితే పదకొండింటికి తల తిరుగుతుంది, అప్పుడు కంప్యూటర్ ముందు ఎంతసేపు కూర్చున్నా ఒక్క ముక్క బుర్రకెక్కదు. రెండు ఇడ్లీలైనా తిను. రాత్రి పన్నెండింటిదాకా ఫోన్ చూసే అలవాటు ఉందా, పోయిందా? నిద్ర లేకపోతే పనిమీద మనసు నిలవదు తల్లీ, ఎన్ని కాఫీలు తాగినా నిలవదు. నేను అనుభవించి చెబుతున్నాను.

ఆ అనుభవం నీకెప్పుడూ చెప్పలేదు. 1988 సంగతి. నువ్వింకా పుట్టలేదు. అన్నయ్యకు ఆటలమ్మ పోసింది. నాలుగు రాత్రులు వేపమండ పట్టుకుని వాడి మంచం పక్కనే కూర్చున్నాను. సెలవు దొరకలేదు, అర్ధ సంవత్సరపు లెక్కలు మూసే రోజులు. పొద్దున్నే సీజన్ టికెట్ పట్టుకుని విజయవాడ రైలెక్కేదాన్ని. కూర్చోవడానికి చోటు దొరికినా కన్ను మూతపడేది కాదు, వాడు గోక్కుంటున్నాడేమో అని. కృష్ణా కెనాల్ దగ్గర రైలు ఆపితే ప్రాణం ఉసూరుమనేది, ఆలస్యమైతే రిజిస్టర్‌లో సంతకం దగ్గర మేనేజర్ ఎర్ర గీత గీసేస్తారని. ఒళ్ళు రైల్లో, మనసు ఇంట్లో, భయం ఆఫీసులో. అలా సీట్లోకి వెళ్ళి కూర్చున్నాను.

ఆ రోజు సేవింగ్స్ లెడ్జర్ నా దగ్గర ఉంది. కంప్యూటర్లు లేవు, ప్రతి ఖాతాలో చేత్తో రాయాలి, సాయంత్రానికి మొత్తాలన్నీ కూడి సరిచూడాలి. కూడితే 180 రూపాయలు తేడా. మళ్ళీ కూడి చూశాను. అదే తేడా. మూడోసారి అంకెలు అలుక్కుపోయాయి. ఆరున్నర బండి వెళ్ళిపోయింది. తోటివాళ్ళందరూ బ్యాగులు సర్దుకుని వెళ్ళారు. నాకు ఏడుపొచ్చింది. పోయిన డబ్బుకు కాదు, ఇంట్లో ఉన్నవాడి కోసం.

మా హెడ్ క్లర్క్ గారు, పెద్దాయన, చొక్కా చేతులు మడుచుకుంటూ నా బల్ల దగ్గరకొచ్చారు. లెడ్జర్ ముట్టుకోలేదు. 'తేడా ఎంతమ్మా?' అన్నారు. 180 అన్నాను. 'తొమ్మిదితో భాగించు.' ఇరవై వచ్చింది, శేషం లేదు. 'అయితే ఎక్కడో రెండంకెలు తారుమారు చేసి ఉంటావు. 180 అంటే వందల చోటుదీ పదుల చోటుదీ, వాటి మధ్య తేడా రెండు ఉండాలి. ఆ పోలిక ఉన్నవే వెతుకు, అన్నీ వెతక్కు' అన్నారు. ఇరవై నిమిషాల్లో దొరికింది. 4,539 అని వేయాల్సిన చోట 4,359 వేశాను. ఆ వరుస చూడగానే గుర్తొచ్చింది. సరిగ్గా ఆ అంకె వేస్తున్నప్పుడు కౌంటర్ దగ్గర ఒకాయన డీడీ ఫారం అడిగారు. చెయ్యి రాస్తూనే ఉంది, నోరు ఆయనకు జవాబు చెబుతోంది.

పెద్దాయన తిట్టలేదు. తన చెవి మీది పెన్సిల్ తీసి నా చేతికిచ్చారు. 'ఎవరు పిలిచినా సరే, తల ఎత్తే ముందు ఎక్కడ ఆగావో అక్కడ టిక్కు పెట్టు. కూడిక మధ్యలో ఉంటే అప్పటిదాకా వచ్చిన మొత్తం సన్నగా పక్కన రాసుకో. అప్పుడు తల ఎత్తి మాట్లాడు. ఆ ఒక్క క్షణం ఆగితే ఎవరూ కోప్పడరు' అన్నారు. రిటైరయ్యేదాకా అలాగే చేశాను. రాత్రి ఆఖరి పాసింజర్‌లో దిగేసరికి మీ నాన్న ప్లాట్‌ఫారం మీద సైకిల్ పట్టుకుని నిలబడి ఉన్నారు. అన్నయ్య ముందు కడ్డీ మీద తువ్వాలు చుట్టుకుని నిద్రపోతున్నాడు, గాలి తగలకూడదని తలదాకా కప్పారు. ఏమీ అడగలేదాయన. నా చేతిలోంచి క్యారేజీ తీసుకున్నారు, అంతే.

నీ ఆఫీసులో లెడ్జర్లు లేవు, ఆ కంప్యూటర్ పనులు నాకు తెలియవు. కానీ మెసేజ్ టింగుమన్నప్పుడల్లా తల ఎత్తే ముందు ఎక్కడ ఆగావో ఒక ముక్క రాసుకోవచ్చు కదా. సాయంత్రం లేచే ముందు రేపు పొద్దున మొదట చెయ్యాల్సిన పని ఒక చీటీ మీద రాసి కీబోర్డు కింద పెట్టు. పొద్దున వెళ్ళగానే ఫోన్ బ్యాగులో వేసి ఆ పని పట్టుకో. కష్టమైనది ముందు. తేలికవి సాయంత్రం నిద్రమొహంతోనైనా అవుతాయి. ఇదంతా నీకు తెలిసిందేలే, నేను చెప్పాలా?

కానీ ఒకటి చెప్పాలి. నా 180 రూపాయలు దొరికాయి, తప్పు అంకె కొట్టేసి సరిచేశాను. స్కూటీ మీద నువ్వు గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతే సెకనుకు 11 మీటర్లు. 'హలో, వినిపిస్తోందా' అని రెండు సెకన్లు మనసు అటు వేస్తే 22 మీటర్లు కళ్ళు మూసుకుని పోయినట్టే. బుజ్జిగాడు వెళ్ళాక మీ నాన్న టేపు తెచ్చి కొలిచారు. మన వీధి గుమ్మం నుంచి పెరట్లో జామచెట్టు మొదలుదాకా 22 మీటర్లు, రెండంగుళాలు తక్కువ. కొలిచి, టేపు చుట్టి, లోపలికి వచ్చి పడుకున్నారు. చెవిలో ఇయర్‌ఫోన్ ఉంటే చెయ్యి ఖాళీగానే ఉంటుందిగా అంటావు. ఆ డీడీ ఫారం రోజున కూడా నా చెయ్యి తన పని తాను చేస్తూనే ఉంది, మాట్లాడింది నోరే. అయినా అంకె తప్పింది.

2017లో మెట్రో మొదలైన కొత్తల్లో నాగోల్ నుంచి అమీర్‌పేట దాకా ఊరికే ఎక్కి దిగాం, గుర్తుందా? ఇప్పుడు మీ ఆఫీసు వైపు, రాయదుర్గం దాకా ఒకే బండి, మారక్కర్లేదు. రద్దీ అంటావు. మూడే పెట్టెలు, నిజమే. కానీ నాగోల్ తర్వాతి స్టేషన్ నీ ఉప్పలే కదా, కాస్త ముందు బయల్దేరితే ఆడవాళ్ళకు కేటాయించిన వైపు కూర్చోవడానికి చోటు దొరకదా? స్కూటీ అయితే ఇరవై నిమిషాలు కలిసొస్తుందని కొన్నావు. ఆ ఇరవై నిమిషాలూ మళ్ళీ ఆఫీసుకే ఇచ్చేస్తున్నావుగా, రోడ్డు మీదే!

రైల్లో గంట పడితే పట్టనీ. ఆ గంట నీది. సికింద్రాబాద్ దాకా కళ్ళు మూసుకో, తర్వాత ఏదైనా చదువుకో, కిటికీలోంచి చూడు. మా లేడీస్ పెట్టెలో దుగ్గిరాల దాటేలోపు కిలో గోరుచిక్కుడు కాయలు తుంచేవాళ్ళం, టీచరమ్మ పేపర్లు దిద్దేది. బ్యాంకు ఉద్యోగులు రాసే సీఏఐఐబీ పరీక్ష మొదటి భాగం మొత్తం ఆ రైల్లోనే చదివి పాసయ్యాను, దానికి ఇంక్రిమెంట్ వచ్చింది, ఆ డబ్బుతోనే నీ చెవులు కుట్టించాం. నువ్వు పరీక్షలకు చదవక్కర్లేదు. ఊరికే కూర్చున్నా చాలు. పొద్దున ఒళ్ళు అలిసిపోకుండా వెళితే రాత్రి తొమ్మిదింటిదాకా ఆఫీసులో ఉండాల్సిన పనీ తగ్గుతుందని నా నమ్మకం. పదింటి మీటింగ్ దారిలో పడుతోందంటే మీ మేనేజర్‌కు చెప్పు, ప్రయాణంలో ఉంటాను, చేరాక మాట్లాడతానని. అలా చెప్పడానికి మొహమాటం ఎందుకు? వాళ్ళకూ పిల్లలుంటారు.

బుజ్జిగాడి మీద కోపం పెట్టుకోకు, చూసింది చెప్పాడు. మీ నాన్న దగ్గర ఈ మాట ఎత్తకు, నేను రాశానని కూడా చెప్పకు. మోకాలికి ఆ ఆయింట్‌మెంట్ పేరేమిటో పంపమన్నారు, అది మాత్రం మర్చిపోకు. హెల్మెట్ లోపలి గుడ్డ విప్పి ఉతికావా ఎప్పుడైనా? ఎండలో ఆరెయ్యి, లేకపోతే తల దురద పెడుతుంది.

ఆదివారం ఫోన్ చెయ్యి. ఇంట్లో కూర్చుని చెయ్యి.

ఆశీస్సులతో,
అమ్మ