ఐరన్ మాత్రతో పాటు ఒక మాట కూడా చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

గర్భంతో ఉన్న మా అమ్మాయికి అయిదో నెలలో రక్తపరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 9 మాత్రమే అని, అంటే రక్తహీనత ఉందని తేలింది. ఆసుపత్రిలో ఐరన్ మాత్రలు, క్యాల్షియం మాత్రలు ఒకే సంచిలో వేసి ఇచ్చారు. ఏది ఎప్పుడు వేసుకోవాలో ఎవరూ చెప్పలేదు. అమ్మాయి రెండూ కలిపి పొద్దునే టీతో మింగేది. ఓట్స్ తింటే రక్తం పడుతుందని చుట్టాలు చెప్పడంతో ఇడ్లీ మానేసి, పాలలో ఉడికించిన ఓట్స్ మొదలుపెట్టింది. నెల తరువాత మళ్ళీ పరీక్ష చేయిస్తే అంకె ఉన్నచోటే ఉంది.

ఓట్స్ మంచి ఆహారమే. పైపొట్టు మాత్రమే తీసి, తవుడుతో సహా నలిపిన గింజ అది. అందులోని బీటా గ్లూకాన్ అనే పీచు కొలెస్టరాల్‌ను తగ్గిస్తుంది. కానీ ఇనుము కోసమే తినేవారు ఒకసారి లెక్క వేసి చూడాలి. 100 గ్రాముల ఓట్స్‌లో ఇనుము నాలుగైదు మిల్లీగ్రాములు. మనం ఒక పూట తినేది 40 గ్రాములు, అంటే మహా అయితే రెండు మిల్లీగ్రాములు. గర్భిణికి రోజుకు 27 మిల్లీగ్రాములు కావాలని భారత వైద్య పరిశోధన మండలి 2020లో నిర్ణయించింది. ఆ రెండులోనూ ఒంటికి పట్టేది కొంతే. గింజ పైపొరలో ఉండే ఫైటేట్ అనే పదార్థం ఇనుమును పట్టుకుని వదలదు. పాలలోని క్యాల్షియం, టీలోని టానిన్లు అనే వగరు పదార్థాలు మిగిలిన దానికీ అడ్డుపడతాయి.

సజ్జల్లో 100 గ్రాములకు ఆరు మిల్లీగ్రాముల పైనే ఇనుము ఉంటుంది. రాగులు (తైదలన్నా, చోళ్లన్నా అవే) ఓట్స్‌కు ఇంచుమించు సమానం, ధరలో చాలా చవక. ఫైటేట్ వీటిలోనూ ఉంది. అయితే మా అమ్మమ్మ రాగిపిండిని రాత్రే కలిపి పులియబెట్టి, తెల్లవారి అంబలి కాచేది. పసిపిల్లలకైతే రాగులు మొలకెత్తించి, ఎండబెట్టి పిండి పట్టించేది. పులియడం వల్ల, మొలకెత్తడం వల్ల ఫైటేట్ తగ్గుతుంది. పక్కన ఒక జామకాయో, ఉసిరికాయో, కాస్త నిమ్మరసమో ఉంటే విటమిన్ సి వల్ల ఇనుము ఇంకా బాగా పడుతుంది. మా అమ్మమ్మకు ఫైటేట్ అనే పేరు తెలియదు, పని మాత్రం తెలుసు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. మాత్రలకు ప్రభుత్వం డబ్బు ఖర్చు పెడుతూనే ఉంది. ఆ మాత్ర టీతో కలిసి కడుపులోకి వెళ్తే ఆ ఖర్చులో ఎంత వృథా అవుతోందో అధికారులు ఆలోచించాలి. రక్తహీనత ఉన్నవారికి తిండి ఒక్కటే చాలదు, మాత్ర తప్పదు. కాబట్టే అది ఒంటికి పట్టేలా చూడాలి.

నేను కోరేది పెద్ద పథకమేమీ కాదు. మాత్రల సంచి మీద తెలుగులో పెద్ద అక్షరాలతో మూడు వాక్యాలు అచ్చు వేయించండి: ఐరన్ మాత్ర టీ, కాఫీ, పాలతో వేసుకోవద్దు. క్యాల్షియం మాత్రకు, దీనికి మధ్య కనీసం రెండు గంటలు ఉండాలి. నిమ్మరసం కలిపిన నీళ్ళతో వేసుకుంటే మేలు. చదువురాని తల్లులకు ఆశా కార్యకర్తలు ఆ మూడూ నోటితో చెప్పాలి, మరుసటి నెల వచ్చినప్పుడు ఎలా వేసుకుంటున్నారో అడగాలి. రేషన్ దుకాణాల్లో బియ్యంతో పాటు నెలకు రెండు కిలోల సజ్జలో, రాగులో ఇస్తే ఇంకా మంచిది.

మా అమ్మాయి ఇప్పుడు ఐరన్ మాత్ర రాత్రి పూట, నిమ్మనీళ్ళతో వేసుకుంటోంది. ఈ సంగతి మాకు చెప్పింది మా వీధిలోని ఒక విశ్రాంత నర్సు.

– ఒక తల్లి, తెనాలి