పాత కట్టడాల పరిరక్షణ కమిటీ, నెల్లూరు: సభ్యులకు ఈ ఏటి నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

నిరుడు ఉగాది నుంచి ఈ ఉగాది దాకా కమిటీ చేసిన పనులు, చేయలేక ఆగిపోయినవి, మీరిచ్చిన చందాలు ఎక్కడ ఖర్చయ్యాయన్నది ఇందులో రాస్తున్నాం. జమాఖర్చుల పట్టిక ఆడిటర్ సంతకంతో సర్వసభ్య సమావేశంలో విడిగా ఇస్తాం కాబట్టి ఇక్కడ అంకెల జోలికి పోవడం లేదు.

ముందుగా ఒక సంగతి. ఈ ఏడాది మేం చూసిన కట్టడాల్లో పట్టించుకునే దిక్కులేక పాడైనవాటి కంటే, అభిమానంతో బాగుచేయబోయి పాడుచేసినవే ఎక్కువ. గుడి మండపానికి ఎనామిల్ పెయింటు, సున్నపు గోడకు సిమెంటు పూత, రాతి స్తంభాల మీద ఇసుక చిమ్మి మురికి వదలగొట్టే మిషన్, పాత అరుగుల మీద గ్రానైటు. ఇవన్నీ చేయించినవాళ్లు ఊరి మీద ప్రేమ ఉన్నవాళ్లే, సొంత డబ్బు పెట్టుకున్నవాళ్లే. వాళ్లతో తగాదా పడితే ఒరిగేదేమీ లేదు. పని మొదలుకాకముందే వెళ్లి పక్కన కూర్చుని మాట్లాడాలి. మా శ్రమలో సగం అలా మాట్లాడటానికే పోయింది, కమిటీ చేసిన అసలు పని అదేనని మా నమ్మకం.

మూలాపేట మిద్దె

ఈ ఏడు తలకెత్తుకున్నవాటిలో పెద్దది మూలాపేటలోని ఒక పాత మిద్దె. ఇంటివాళ్లు వద్దన్నారు కాబట్టి పేరు రాయడం లేదు. అన్నదమ్ముల ఉమ్మడి ఆస్తి. పెద్దాయన అందులోనే ఉంటారు, తమ్ముళ్లు వేరే ఊళ్లలో స్థిరపడ్డారు. వాన పడితే హాల్లో బకెట్లు పెట్టుకోవాలి, కప్పు ఎప్పుడు మీద పడుతుందోనని రాత్రిళ్లు టెన్షన్. ఇక లాభం లేదని బిల్డర్‌కి ఇచ్చేద్దామనుకున్నారు. టేకు దూలాలకూ, చెక్కడపు పనితనం ఉన్న ద్వారబంధాలకూ బేరగాళ్లు వచ్చి అప్పటికే ధర కట్టి వెళ్లారు.

మన సభ్యుల్లో రిటైరైన ఇంజనీరు ఒకరు వెళ్లి కప్పు ఒక మూల విప్పి చూశాక సంగతి తేలింది. అది మద్రాస్ టెర్రేస్ కప్పు. టేకు దూలాల మీద సన్నటి ఇటుకలను అంచు మీద నిలబెట్టి ఐమూలగా పేరుస్తారు. సున్నంతో బిగిస్తారు. దానిపైన ఇటుక ముక్కలు కలిపిన సున్నపు కాంక్రీటు పరిచి, చెక్క బద్దలతో రోజుల తరబడి కొట్టి గట్టిపరుస్తారు. ఆ పైన పల్చటి పెంకులు. ఇనుప కడ్డీల స్లాబులు రాకముందు మన ఊళ్లో కలిగినవాళ్లు కట్టుకున్న మిద్దెలు చాలావరకు ఈ రకమే.

ఆ కప్పు దానంతటది చెడలేదు. కొన్నేళ్ల కిందట ఒకచోట చిన్నగా కారుతోందని పైనంతా మందంగా సిమెంటు పోయించారు. ఎండకూ చలికీ సున్నం, కలప కొద్దికొద్దిగా సాగుతాయి, ముడుచుకుంటాయి. బిరుసుగా ఉండే సిమెంటు పొర వాటితో పాటు కదలలేక పగిలింది. పగుళ్లలోంచి దిగిన నీరు ఆరడానికి దారి లేక లోపలే నిలిచిపోయింది. గోడలో దిగవేసిన దూలాల కొసలు కుళ్లాయి. నడిమి భాగంలో మాత్రం చేవ చెక్కుచెదరలేదు. అంటే మొత్తం కప్పు మార్చాల్సిన అవసరమే లేదు. కుళ్లిన కొసలు కోసేసి, టేకుతోనే అతుకులు వేసి బోల్టులు బిగిస్తే సరిపోతుంది. ఈ మాట పెద్దాయనకు నచ్చింది. తమ్ముళ్లను ఒప్పించడానికి ఆయనే ఫోన్లు చేశారు. చివరికి వాళ్లు ఒక పూట వచ్చి దూలాలు కళ్లారా చూసుకున్నాక సరేనన్నారు.

మన జిల్లాకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. అందుకని సంక్రాంతి వెళ్లాక పని మొదలుపెట్టి, ఎండలు ముదరకముందే ముగించాలని పెట్టుకున్నాం. మండే ఎండలో సున్నపు పని చేస్తే తడి ఒక్కసారిగా ఆరిపోయి పూత వలలాగా పగుళ్లిస్తుంది. అందుకే పూసినచోటల్లా తడి గోనె పట్టాలు కప్పి ఉంచాం.

సున్నం తయారీ గురించి నలుగురూ అడుగుతున్నారు కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాం. కాల్చిన సున్నాన్ని తొట్టిలో నీళ్లు పోసి విరియబెట్టి, ఆ ముద్దను నీళ్ల కిందే కొన్ని వారాలు నానబెట్టాం. ఎంత నానితే అంత మెత్తబడుతుంది. తర్వాత ఇసుక, ఇటుక పొడి కలిపి రుబ్బాలి. ఒకప్పుడు ఈ పని ఎద్దుల గానుగ చేసేది, గానుగ సున్నం అన్న పేరు అందుకే. ఇప్పుడు ఎద్దులూ లేవు, గానుగా లేదు. రాతి చక్రాలు తిరిగే మిల్లు అద్దెకు తెప్పించాం. కరక్కాయలు, బెల్లం విడివిడిగా నానబెట్టి వడగట్టిన నీళ్లు కలిపాం. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుంటూ నెమ్మదిగా మళ్లీ రాయిగా మారుతుంది. ఇటుక పొడి కలిస్తే తడిలో ఉన్నా గట్టిపడుతుంది. గోడలో చెమ్మ ఉంటే సున్నపు పూత దాన్ని బయటికి వదులుతుంది. సిమెంటు అడ్డుపడుతుంది. అప్పుడు ఆ చెమ్మ పైకి ఎగబాకి, ఉప్పు పేరుకుని, లోపలి ఇటుకను పొడి చేస్తుంది. సిమెంటు పూస్తే గోడకు ఊపిరాడదని మా మేస్త్రి ప్రతి ఒక్కరికీ చెప్పేవాడు.

ఆయన ఉదయగిరి వైపు మనిషి. వయసు మీద పడి పని మానేసి ఊళ్లో ఉంటే, మన సభ్యులు రెండుమూడు సార్లు వెళ్లి బతిమాలి తీసుకొచ్చారు. కింద కుర్చీ వేసుకుని కూర్చుని చూస్తే చాలన్నాం, ఆయన కూర్చుంటేగా! తాపీ తన చేతిలోనే ఉండాలన్నాడు. పక్కన పెట్టిన ఇద్దరు కుర్రాళ్లకు సున్నం వేళ్ల మధ్య రుద్ది పాకం చూడటం నేర్పాడు. కప్పు కొట్టడానికి వచ్చిన ఆడవాళ్లలో వయసైనవాళ్లకు చెక్క బద్దల దెబ్బ పడాల్సిన తీరు ఇంకా గుర్తుంది. ఆ వరుస చూసి నేర్చుకోవడానికి పడుచువాళ్లు పక్కన చేరారు. ఇల్లు నిలబడటం ఎంత ముఖ్యమో, ఆ చేతిపని ఆయనతో ఆగిపోకపోవడం మాకు అంతే ముఖ్యం. మీ చందాల్లో ఎక్కువ భాగం మేస్త్రి కూలికీ, కుర్రాళ్ల శిక్షణ భత్యానికీ వెళ్లింది. కలప ఖర్చు ఇంటివాళ్లే పెట్టుకున్నారు. వచ్చే కార్తీకం వానలకు కప్పు ఎలా ఉందో వెళ్లి చూసి మీకు తెలియజేస్తాం.

శాసనాల పని

బటర్‌వర్త్, వేణుగోపాల్ శెట్టి కలిసి నెల్లూరు జిల్లా రాగి రేకులు, రాతి శాసనాలు సేకరించి 1905లో మూడు సంపుటాలుగా అచ్చు వేయించారు. ఒంగోలు, కందుకూరు, దర్శి, పొదిలి, కనిగిరి శాసనాలు కూడా వాటిలోనే ఉన్నాయి. ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో కదా. ఊరి పేరు, రాయి ఎక్కడుంది, దాని మీద ఏముంది అన్నీ వరుసగా ఉంటాయి. ఆ సంపుటాలు పట్టుకుని ఊరూరా తిరిగి, ఏ రాయి ఇంకా ఉంది, ఏది లేదు అని చూడటం ఈ ఏడాది మొదలుపెట్టాం. కాలేజీ పిల్లలు బాగా కలిసివచ్చారు.

కొన్ని రాళ్లు చెప్పినచోటే ఉన్నాయి. కొన్ని నేలలో సగం దిగిపోయాయి. కొన్నిటి మీద బట్టలు ఉతుకుతున్నారు. ఎక్కువ భయపెట్టింది మాత్రం ఇసుక మిషన్. గాలి ఒత్తిడితో ఇసుక చిమ్మితే నల్లబడిన రాయి కొత్తదానిలా తెల్లగా తేలుతుంది, చూడటానికి ముచ్చటగా ఉంటుంది. అయితే మురికితో పాటు రాతి పైపొర కూడా లేచిపోతుంది. ఏడెనిమిది వందల ఏళ్ల ఎండవానలకు ఇప్పటికే అరిగి పల్చబడిన అక్షరాలకు ఆ పైపొరే ఆధారం.

కోవూరు వైపు ఒక ఊళ్లో గుడి మండపానికి ఈ పని చేయించడానికి అడ్వాన్సు కూడా ఇచ్చేశారు. డబ్బు పంపింది బయట ఉద్యోగాలు చేసుకుంటున్న ఆ ఊరి పిల్లలే. మేం వెళ్లి మండపంలో పెద్దల ఎదుట సంపుటం తెరిచి, వాళ్ల ఊరి పేరు, వాళ్ల స్తంభం మీది పాఠం చదివి వినిపించాం. ఇలాంటి శాసనాల్లో రాజుల గొప్పలే ఉంటాయనుకుంటాం. అఖండ దీపానికి గొర్రెలు ఇచ్చినవాళ్లు, మడిచెక్క రాసిచ్చినవాళ్లు, చెరువు తవ్వించినవాళ్లు కూడా వాటిలో ఉంటారు. దానమిచ్చిన మనిషి పేరు వినగానే ఒక పెద్దావిడ లేచి వెళ్లి ఆ స్తంభాన్ని చేత్తో తడిమి చూసింది. ఆ తర్వాత మేం నచ్చజెప్పాల్సిన అవసరం రాలేదు. ఊరివాళ్లే కాంట్రాక్టరుతో మాట్లాడుకున్నారు. నీళ్లు, మెత్తటి కొబ్బరి పీచు బ్రష్షులతో రెండు ఆదివారాలు వాళ్లే కడుక్కున్నారు.

రాళ్ల నకళ్లు తీయడంలో పిల్లలకు ఒక శిక్షణ తరగతి పెట్టాం. రాయి శుభ్రంగా కడిగి, తడిపిన కాగితం పరిచి, అక్షరాల గుంటల్లోకి దిగేదాకా బ్రష్షుతో తట్టి, పైన సిరా అద్ది, ఆరాక ఊడదీయాలి. వినడానికి సులువే, గాలి బుడగ లేకుండా కాగితం పరచడమే కష్టం. కొత్తగా కనబడిన రాళ్ల నకళ్లు మైసూరులోని కేంద్ర పురావస్తు శాఖ శాసన విభాగానికి పంపుతున్నాం. సభ్యులకు ఒక విన్నపం: అక్షరాలు కనబడటం కోసం శాసనాల మీద సుద్ద రుద్దకండి, పెయింటుతో దిద్దకండి. సాయంత్రం ఏటవాలు ఎండలో గానీ, రాత్రి పక్కనుంచి టార్చి వేసి గానీ ఫొటో తీస్తే అక్షరం దానంతటదే తేలుతుంది.

గోపురాల మీద మొలిచిన రావి, మర్రి మొక్కల విషయంలో కూడా ఇదే చెప్పుకొస్తున్నాం. వేళ్లు ఇటుకల మధ్య అల్లుకున్నాక పట్టి లాగితే మొక్కతో పాటు సున్నపు బొమ్మల చెయ్యో కాలో ఊడివస్తుంది. మొదలు దగ్గర కోసి, వేరు చచ్చాక సందులో సున్నం కూరాలి. వేలెడంత ఉన్నప్పుడే ఏటా ఒకసారి చూసుకుంటే ఇంత పని పడదు.

పల్లిపాడు, ఉదయగిరి

పెన్న ఒడ్డున పల్లిపాడులో పినాకిని సత్యాగ్రహాశ్రమాన్ని గాంధీజీ 1921 ఏప్రిల్ 7న ప్రారంభించారు. చతుర్వేదుల కృష్ణయ్య, దిగుమర్తి హనుమంతరావు వంటివారు నడిపిన ఆశ్రమం అది. ఆ తేదీకి పిల్లల్ని తీసుకెళ్లి చూపించాం, అక్కడే సమావేశం పెట్టుకున్నాం.

ఉదయగిరి ప్రయాణం ఇంకా పెద్దది. నెల్లూరు నుంచి సుమారు వంద కిలోమీటర్లు, ఆపైన కొండ ఎక్కడం. శ్రీకృష్ణదేవరాయలు దీర్ఘకాలం ముట్టడించి 1514లో గజపతుల నుంచి గెలుచుకున్న దుర్గం అది. అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని రాయలు విజయనగరం తీసుకుపోయి గుడి కట్టించాడు. ఆ గుడి హంపిలో ఉంది, విగ్రహం చెన్నై మ్యూజియంలో ఉంది. కొండ మీద మసీదులు, కింద రంగనాయకుల గుడి, దారంతా కూలిన బురుజులు. ఇన్ని చూసి పిల్లలు సంబరపడ్డారు. గుప్తనిధుల కోసం తవ్వే గుంతల గురించి కూడా వాళ్లకు చెప్పాం. నేలలో పది రూపాయలకు మించిన విలువైనది ఏది దొరికినా కలెక్టరుకు తెలియజేయాలని 1878 నుంచే చట్టం ఉంది. ఇది చాలామంది పెద్దలకే తెలియదు.

పోయినవి, మిగలాల్సినవి

బ్రిటిష్ కాలంలో కట్టిన ఒక పాత ఆఫీసు భవనాన్ని ఈ ఏడాది కాపాడుకోలేకపోయాం. మా వినతిపత్రం చేరేసరికే కూల్చివేత టెండరు అయిపోయింది. కూల్చేముందు కొలతలు, ఫొటోలు మాత్రం తీసుకోగలిగాం. ఎత్తైన వరండా, గాలి ఆడే చెక్క తడకల కిటికీలు, ఉలి గురుతులు కనబడే గడప రాళ్లు. నెల్లూరు ఎండకు తగ్గట్టు కట్టిన కట్టడం అది. బాధగా ఉంది.

ఇందులో చట్టం ఎంతవరకు ఆదుకుంటుందో సభ్యులు తెలుసుకోవాలి. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడమైతే, 1958 చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం చుట్టూ 100 మీటర్ల లోపు కొత్త కట్టడాలు నిషేధం, ఆపైన ఇంకో 200 మీటర్ల దాకా అనుమతి తీసుకోవాలి. రాష్ట్ర జాబితాలో ఉన్నవాటికి 1960 నాటి రాష్ట్ర చట్టం ఉంది. మన పేటల్లోని మిద్దెలు, సత్రాలు, పాత బడులు, కోనేళ్లు ఈ రెండింటిలోనూ లేవు. జాబితాలో లేనిదాన్ని కాపాడమని ఏ అధికారినీ గట్టిగా అడగలేం. అందుకే మూలాపేట, రంగనాయకులపేట, సంతపేట వీధుల్లో ఇంటింటికీ వెళ్లి వివరాలు రాస్తున్నాం. కట్టినకాలం, కప్పు రకం, గోడల తీరు, ఇప్పుడున్న స్థితి, ఇంటివాళ్ల ఇష్టం. చివరిది లేకుండా ఏ ఇంటినీ జాబితాలో చేర్చడం లేదు. జాబితాలో పేరు పడితే ఇల్లు గవర్నమెంటు లాక్కుంటుందన్న భయం చాలామందిలో ఉంది. సభ్యులు తమ ఇరుగుపొరుగు ఇళ్లకు వెళ్లి ఆ భయం పోగొడితే, జాబితా ఏడాదిలో పూర్తిచేసి కార్పొరేషన్‌కు ఇవ్వగలం.

సర్వసభ్య సమావేశంలో ఒక తీర్మానం పెడుతున్నాం. మూలాపేట పనికోసం కట్టిన సున్నపు తొట్టిని తీసేయకుండా అక్కడే ఉంచాలని, ఎప్పుడూ నానిన సున్నం నిల్వ ఉండేలా చూడాలని ప్రతిపాదన. ఇంటివాళ్లు స్థలం ఇవ్వడానికి ఒప్పుకున్నారు. పాత గోడకు చిన్న మరమ్మతు కావాల్సిన ఏ సభ్యుడైనా అక్కడి నుంచి సున్నం తీసుకెళ్లవచ్చు, శిక్షణ పొందిన కుర్రాళ్లను కూలికి పిలుచుకోవచ్చు. తొట్టి నిర్వహణకు ఏటా కొంత ఖర్చవుతుంది, అది చందా నుంచి పెట్టాలా, సున్నం తీసుకెళ్లినవాళ్ల దగ్గర తీసుకోవాలా అన్నది మీరే తేల్చాలి.