ప్రాజెక్టు రికార్డుల్ని కిలోల లెక్కన అమ్మొద్దు

సంపాదకుల వారికి నమస్కారం.

నేను పల్నాడు జిల్లాలో ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో లైబ్రేరియన్‌ని. ఏటా వేసవి సెలవుల ముందు ఫోర్-టూ (నాలుగో ఏడు రెండో సెమిస్టరు) పిల్లల ప్రాజెక్టు రికార్డులు మా లైబ్రరీకి వస్తాయి. నల్ల అట్ట, దాని మీద బంగారు రంగు అక్షరాలు, లోపల గైడు సంతకం, హెచ్‌ఓడీ సంతకం, బయటి నుంచి వచ్చే పరీక్షకుడి (ఎక్స్‌టర్నల్) సంతకం. వాటిని రిజిస్టర్‌లో ఎక్కించి, బ్రాంచీల వారీగా బీరువాల్లో సర్దడం నా పని. కాలేజీకి గుర్తింపు ఇవ్వడానికి న్యాక్ వాళ్లో ఎన్‌బీఏ వాళ్లో తనిఖీకి వచ్చినప్పుడు ఆ బీరువాలు తెరుస్తాం. మిగతా రోజుల్లో వాటిని అడిగే పిల్లలు బాగా తక్కువ. బీరువాలు నిండిపోయాక పాత రికార్డుల్ని కిలోల లెక్కన అమ్మేస్తారు. వేరే కాలేజీల్లో పనిచేసే నా తోటి లైబ్రేరియన్లూ ఇదే చెబుతారు. అలా అమ్మేయడం ఆపించాలని, అందుకు మన సాంకేతిక విశ్వవిద్యాలయాలు ఒక ఏర్పాటు చేయాలని అడగడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

పీహెచ్‌డీ వాళ్లకి ఆ ఏర్పాటు ఉంది. యూజీసీ 2009 నిబంధనలతో సిద్ధాంత గ్రంథం డిజిటల్ ప్రతి ఇవ్వడం తప్పనిసరి అయింది. గాంధీనగర్‌లో యూజీసీ వారి ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం నడిపే శోధగంగ వెబ్‌సైటులో వాటిని ఎవరైనా పైసా కట్టకుండా చదువుకోవచ్చు. మా కాలేజీ లాంటి చోట్ల జరిగే బీటెక్, ఎంటెక్ ప్రాజెక్టులకి ఆ భాగ్యం లేదు. కానీ సంఖ్యలో చూస్తే పీహెచ్‌డీ చేసేవాళ్ల కంటే వీళ్లే ఎన్నో రెట్లు ఎక్కువ. నెలల తరబడి అంతమంది పిల్లలు పడిన కష్టం వైవా (మౌఖిక పరీక్ష) అయిన మర్నాటి నుంచీ ఎవరికీ కనపడకుండా పోతోంది.

లైబ్రేరియన్‌కి కంప్యూటర్ సైన్సు ప్రాజెక్టుల సంగతి ఏం తెలుసని ఎవరైనా అడగొచ్చు. రికార్డు ఎక్కించేటప్పుడు అబ్‌స్ట్రాక్ట్ (సారాంశం) చదివి, అది ఏ విషయం కిందికి వస్తుందో రాయాల్సింది నేనే. ఏళ్ల తరబడి ఆ పని చేసేసరికి ఏ ప్రాజెక్టు ఎన్నిసార్లు తిరిగి తిరిగి వస్తోందో నాకు బాగా తెలిసిపోయింది. ఆకు తెగులు కనిపెట్టడం, షుగరు వస్తుందో రాదో చెప్పడం, ముఖం చూసి హాజరు వేయడం, ఇళ్ల ధరలు అంచనా కట్టడం. బ్యాచ్‌లు మారతాయి, పేర్లు కాస్త మారతాయి, లోపలి డేటా మాత్రం మారదు.

ఆకు తెగుళ్ల ప్రాజెక్టునే చూడండి. మాది మిరప, పత్తి పండే నేల. పిల్లల్లో చాలామంది రైతు బిడ్డలు. అందుకే ఫొటో తీస్తే తెగులు చెప్పే యాప్ ప్రతి ఏడూ ఏదో ఒక బ్యాచ్ తలకెత్తుకుంటుంది. డేటా మాత్రం ప్లాంట్‌విలేజ్ నుంచి దింపుకున్నదే. డేవిడ్ హ్యూస్, మార్సెల్ సలాతే అనే ఇద్దరు పరిశోధకులు పదేళ్ల కిందట అందరికీ ఉచితంగా ఇచ్చిన ఫొటోల సేకరణ అది. గొప్ప పని, అందులో సందేహం లేదు. 54 వేల పైచిలుకు ఫొటోలు, 14 పంటలు. ఆ పంటలేమిటంటే ఆపిల్, బ్లూబెర్రీ, చెర్రీ, పీచ్, స్ట్రాబెర్రీ, ద్రాక్ష, టమాటా, మొక్కజొన్న వగైరా. వరి లేదు, పత్తి లేదు, వేరుశనగ లేదు. మన మిరపకి దగ్గరగా ఉన్నది క్యాప్సికమ్ ఒక్కటే. దాంట్లోనూ రెండే రకాలు: మచ్చ తెగులు ఉన్న ఆకు, ఏ తెగులూ లేని ఆకు.

మా వైపు రైతు మిరప చేలో దిగగానే మొదట చూసేది ఆకు ఎటు ముడుచుకుందనే. తామర పురుగు రసం పీలిస్తే అంచులు పైకి లేచి ఆకు పడవలా అవుతుంది. దాన్ని పై ముడత అంటాం. నల్లి పడితే అంచులు కిందికి తిరుగుతాయి. అది కింది ముడత. ఒకదానికి కొట్టే మందు చాలావరకు రెండోదానికి పనిచేయదు. జెమిని వైరస్ తగిలిన మొక్కైతే ఏ మందు కొట్టినా తిరిగి కోలుకోదు. పొరపాటున ఒకదానికి బదులు ఇంకోటి కొడితే మందు ఖర్చు, కూలీ ఖర్చు రెండూ పోయి, చేను కూడా పోతుంది. మా బీరువాలో ఉన్న ఆకు తెగుళ్ల ప్రాజెక్టుల్లో ఒకే ఒక్కటి ఈ రెండు ముడతల తేడా పట్టుకోవడానికి ప్రయత్నించింది.

దాన్ని చేసింది ఇద్దరు అమ్మాయిలు. ఒకమ్మాయి వాళ్లది సత్తెనపల్లి వైపు. సెలవుల్లో వాళ్ల నాన్నగారి చేలో, పక్క చేలల్లో ఫోనుతో ఫొటోలు తీశారు. పొద్దున మంచు తడితో ఉన్నప్పుడు కొన్ని, మిట్ట మధ్యాహ్నం కొన్ని, మందు కొట్టిన తెల్ల మరకలతో కొన్ని. ఏ ఆకుకి ఏ ముడతో ఆయనే కూర్చుని చెప్పారట. ప్లాంట్‌విలేజ్ ఫొటోలతో 98 శాతం సరిగ్గా చెప్పిన వాళ్ల మోడల్ (ఫొటో చూసి తెగులు చెప్పే ప్రోగ్రాం) ఈ చేను ఫొటోల దగ్గర సగం కూడా చెప్పలేకపోయింది. ఆ మాట రికార్డులో ఉన్నది ఉన్నట్టు రాశారు. ఎందుకు తప్పుతోందో కూడా రాశారు: నీడ, మట్టి రంగు, ఒకదాని మీద ఒకటి పడిన ఆకులు. వైవాలో వాళ్లని అడిగిన ప్రశ్న ఒక్కటే, యాక్యురసీ, అంటే సరిగ్గా చెప్పిన శాతం, ఎందుకింత తక్కువ వచ్చిందని. మార్కులు కూడా తక్కువే పడ్డాయి. ఆపిల్ ఆకులతో 99 చూపించిన బ్యాచ్‌కి ఎక్కువ పడ్డాయి.

ఆ అమ్మాయిలు చూసింది కొత్త సంగతేమీ కాదు. ప్లాంట్‌విలేజ్ వాళ్లే 2016లో రాసిన పేపర్లో రెండు అంకెలూ ఉన్నాయి. తమ ఫొటోల మీద 99.35 శాతం, వేరే చోట వేరే పరిస్థితుల్లో తీసిన ఫొటోల మీద 31 శాతం దగ్గర. మన పిల్లలు తమ ప్రాజెక్టుకి ఆధారం (బేస్ పేపర్) అని చూపించేది దాన్నే. మొదటి అంకె ప్రతి రికార్డులోనూ కనపడుతుంది. రెండో అంకె నాకు ఒక్క రికార్డులో కూడా కనపడలేదు.

షుగరు ప్రాజెక్టుల సంగతీ అంతే. వాటిల్లో వాడేది అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో ఫీనిక్స్ దగ్గర ఉండే పిమా తెగ స్త్రీల వివరాలు. 768 మందివి, అందరూ 21 ఏళ్లు నిండినవాళ్లు. దశాబ్దాల కిందటి డేటా. ఆ పట్టికలో 35 మందికి బీపీ సున్నా అని, 374 మందికి ఇన్సులిన్ సున్నా అని ఉంటుంది. కొలత లేని చోట ఖాళీ వదలకుండా సున్నా వేశారు. బీపీ సున్నా ఉన్న మనిషి ఎలా బతికుంటుందని ఆగి అడిగిన రికార్డులు మా దగ్గర వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతావాటిలో ఆ సున్నాలు అలాగే లెక్కలోకి వెళ్లిపోయాయి. గుంటూరు, పల్నాడు జిల్లాల్లో ఇంటింటా షుగరు మనిషి ఉన్నారు. వాళ్ల తిండి, వాళ్ల పని, వాళ్ల ఒంటి తీరు వేరు. పేర్లు తీసేసి, వాళ్ల అనుమతితో, ఒక పీహెచ్‌సీ డాక్టరు గారి పర్యవేక్షణలో కొద్దిమంది వివరాలు జాగ్రత్తగా సేకరిస్తే అదే అసలు ప్రాజెక్టు అవుతుంది.

తప్పు పిల్లలదని నేను అనను. నాలుగో ఏడు అంటే ప్లేస్‌మెంట్ల హడావుడి. అమీర్‌పేట వెళ్తే కోడు, పీపీటీ, రికార్డు మూడూ కలిపి చేతికిచ్చే సెంటర్లున్నాయి. ఇప్పుడు అంత దూరం వెళ్లక్కర్లేదు, ఫోనులో అడిగినా పంపిస్తారు. గైడుకి చేతినిండా బ్యాచ్‌లు, పైగా ఆయన ఏడాదికి ఎన్ని పరిశోధన పేపర్లు వేశాడన్న లెక్క. పీహెచ్‌డీ సమర్పణకి ముందు పేపరు వేసి తీరాలన్న షరతుని యూజీసీ 2022లో తీసేసింది. ఏ జర్నల్స్‌లో వేసిన పేపర్లు లెక్కకొస్తాయో చెప్పే కేర్ లిస్టుని 2025 ఫిబ్రవరిలో ఆపేసింది. అయినా మా స్టాఫ్ రూముల్లో ‘ఎన్ని’ అన్న ప్రశ్నే నడుస్తోంది, ‘ఏమిటి’ అన్నది రావడం లేదు. అన్నిటికంటే ముఖ్యంగా, కష్టపడి చేసిన బ్యాచ్ పనిని తర్వాతి బ్యాచ్ అందుకునే దారి లేదు. ఆ అమ్మాయిల రికార్డు మా బీరువాలో ఉంది, నేనే పక్కన పెట్టించాను. వాళ్లు తీసిన ఫొటోలు మాత్రం లేవు. రికార్డు వెనకాల అతికించిన సీడీలో కోడు ఒక్కటే ఉంది. ఆ ఏడాది వాడిన ల్యాబ్ కంప్యూటర్‌ని తర్వాత ఫార్మాట్ చేశారు. మరుసటి ఏడు అదే విషయం మీద ఇంకో బ్యాచ్ మళ్లీ ఆపిల్ ఆకుల దగ్గర్నుంచి మొదలుపెట్టింది.

2021-22లో నల్ల తామర పురుగు వచ్చినప్పుడు మిరప రైతుల గతి ఏమైందో మీ పత్రిక పాఠకులకి నేను చెప్పక్కర్లేదు. మా అన్నయ్య చేలో పూత మొత్తం రాలిపోయింది. చాలామంది చేను దున్నేశారు. అది పువ్వులో దూరి ఉండే పురుగు. ఆకు చూసి మామూలు తామర పురుగే అనుకుని పాత మందులే కొడుతూ పోయారు. ఊరూరా తేదీలతో సహా తీసిన పూత, ఆకుల ఫొటోలు అప్పటికే ఎక్కడైనా పోగుపడి ఉంటే, ఏ మండలంలో ఎప్పుడు మొదలైందో, ఎటు పాకిందో గుంటూరు దగ్గరి లాం ఫారం (వ్యవసాయ పరిశోధన కేంద్రం) శాస్త్రవేత్తలు వెనక్కి తిరిగి చూసుకోవడానికి పనికొచ్చేవి. మా ఒక్క కాలేజీ నుంచే ఏటా వందల మంది పిల్లలు సంక్రాంతికి ఊళ్లకి వెళ్తారు. సరిగ్గా మిరప కోతల కాలం అది.

మన దగ్గర ఇలాంటి పని జరగదని ఎవరూ అనడానికి లేదు. డ్రైవర్ లేకుండా నడిచే కార్ల పరిశోధనకి ప్రపంచమంతా వాడే సిటీస్కేప్స్ డేటా ఎక్కువగా జర్మనీ నగరాల వీధులది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వాళ్లు దాంతో సరిపెట్టుకోలేదు. హైదరాబాద్, బెంగళూరు రోడ్ల మీద, శివార్లలో కారుకి కెమెరా కట్టుకుని తిరిగి, 10 వేల పైచిలుకు చిత్రాల్లో ప్రతి వస్తువునీ గీత గీసి గుర్తించి, 2018లో ఇండియా డ్రైవింగ్ డేటాసెట్ అని అందరికీ ఇచ్చారు. అందులో ఆటోకి విడిగా ఒక తరగతి ఉంది, రోడ్డు మీద జంతువులకీ ఉంది. మన రోడ్లని మన రోడ్లుగా చూసిన పరిశోధన అది. వాళ్లకున్న కంప్యూటర్లు, నిధులు జిల్లా కాలేజీలకి ఉండవు, ఒప్పుకుంటాను. కానీ మిరప చేను వాళ్ల కంటే మాకే దగ్గర.

ఇక నేను అడిగేది. కాకినాడ, అనంతపురం, విజయనగరం, హైదరాబాద్ జేఎన్‌టీయూలు నాలుగూ తమ తమ అనుబంధ కాలేజీల ప్రాజెక్టుల కోసం తలా ఒక డిజిటల్ భాండాగారం పెట్టాలి. దానికి కొత్త సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు. శోధగంగ నడిచేది డీస్పేస్ మీద. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం లైబ్రరీ, హెచ్‌పీ కంపెనీ కలిసి తయారుచేసి 2002లో ఉచితంగా వదిలిన సాఫ్ట్‌వేర్ అది. రికార్డు పీడీఎఫ్, కోడు, డేటా మూడూ అందులో చేరాలి. డేటా ఎక్కడ, ఎప్పుడు, ఎవరి అనుమతితో సేకరించారో ఒక పేజీ ఉండాలి. మనుషుల వివరాలైతే పేర్లు, ఫోను నంబర్లు తీసేయాలి. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం గురించి పిల్లలకి చెప్పడానికి ఇంతకంటే మంచి పాఠం దొరకదు. కాపీలు కనీసం రెండు చోట్ల ఉండాలి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో స్కాన్ చేసిన వేల తెలుగు పుస్తకాలు ఆ సైటు ఆగిపోయాక కూడా మనకి దొరుకుతున్నాయంటే, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి వాటిని కాపీ చేసి పెట్టినవాళ్ల పుణ్యమే.

ఇలా బయట పెడితే కాపీ కొట్టడం తేలికైపోతుందని మా కాలేజీలోనే ఒక సారు అన్నారు. ఇప్పుడు కాపీ జరుగుతున్నది ఎవరికీ కనపడని చోట. ఒకే రికార్డు మూడు జిల్లాల్లో మూడు పేర్లతో బైండింగ్ అయినా పట్టుకునేవాళ్లు లేరు. అన్నీ ఒకచోట ఉంటే వెతికిన నిమిషంలో తెలిసిపోతుంది.

రెండో కోరిక ఎక్స్‌టర్నల్‌గా వెళ్లే ప్రొఫెసర్లకి. దయచేసి రికార్డు తెరవగానే యాక్యురసీ పేజీకి వెళ్లకండి. డేటా ఎక్కడిదని ముందు అడగండి. సొంతంగా సేకరించిన బ్యాచ్‌కి, పాత బ్యాచ్ పనిని చదివి దాన్ని ముందుకి తీసుకెళ్లిన బ్యాచ్‌కి మార్కులు విడిగా ఉండేలా యూనివర్సిటీ ఒక నిబంధన పెడితే, ఏడాది తిరక్కుండా పిల్లలు రికార్డుల కోసం లైబ్రరీకి వస్తారు. ఇద్దరు పిల్లలు కాస్త ముడతల ఫొటోలు తీస్తే, తర్వాతి ఏడు వాళ్లు నల్ల తామర కలుపుతారు, ఆ తర్వాత ఇంకో బ్యాచ్ దాన్ని ఇంటర్నెట్ లేని చోట కూడా ఫోనులో పనిచేసేలా చేస్తుంది. ఒక్క బ్యాచ్ నాలుగైదు నెలల్లో చేయలేనిది నాలుగు బ్యాచ్‌లు కలిసి చేస్తాయి.

యూనివర్సిటీ నిర్ణయం తీసుకునేదాకా ఆగాలని లేదు. మా కాలేజీలో ఒక పాత డెస్క్‌టాప్ మీద డీస్పేస్ ఎక్కించి, ప్రిన్సిపాల్ గారి అనుమతితో ఈ ఏడాది సీఎస్‌ఈ, ఐటీ రికార్డుల్ని కోడుతో, డేటాతో సహా పెట్టడం మొదలుపెట్టాను. సత్తెనపల్లి అమ్మాయికి ఫోను చేసి అడిగితే, పాత ఫోనులో ఇంకా ఏమైనా ఫొటోలు మిగిలి ఉన్నాయేమో చూస్తానంది. గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల కాలేజీల లైబ్రేరియన్లు ఎవరైనా ఇలాంటి పని చేయాలనుకుంటే ఈ పత్రికకి రాయండి, ఆ ఉత్తరాలు నాకు అందేలా చూడమని సంపాదకుల వారిని కోరుతున్నాను. ఆదివారాల్లో వచ్చి నేనే ఎక్కించి చూపిస్తాను.

ఇట్లు,
ఒక ఇంజనీరింగ్ కాలేజీ లైబ్రేరియన్,
పల్నాడు జిల్లా