అమెరికాలో అమ్మానాన్నల బసకు గడువు వీసా మీద ఉండదు

సంపాదకులకు నమస్కారం.

కూతురి కాన్పుకో, కొడుకు గృహప్రవేశానికో అమెరికా వచ్చే మన పెద్దవాళ్లు మామూలుగా సందర్శకులకిచ్చే బీ-2 వీసా మీద వస్తారు. పాస్‌పోర్టులో అతికించిన ఆ వీసా మీద చాలామందికి పదేళ్ల తేదీ ఉంటుంది. దాన్ని చూసుకుని ధీమాగా ఉండిపోయి చిక్కుల్లో పడుతున్నవాళ్లున్నారు. ఇంకొందరు గడువు ముంచుకొచ్చాక ఎవరో చెప్పిన మాట పట్టుకుని బస పొడిగించమని అడిగే ఎక్స్‌టెన్షన్ ఫారం నింపేస్తున్నారు. ఇక్కడా అక్కడా ఇళ్లలో చదివే పత్రిక మీది కనుక, ఈ వివరాలకు మీ పేజీల్లో చోటివ్వండి.

వీసా అనేది విమానాశ్రయం దాకా వచ్చి లోపలికి రానివ్వమని అడిగేందుకు అనుమతి, అంతే. ఎన్నాళ్లు ఉండొచ్చో నిర్ణయించేది దిగిన చోట కౌంటర్లోని అధికారి. ఆయన ఇచ్చిన గడువు ఐ-94 అనే రికార్డులో నమోదవుతుంది. బీ-2 మీద వచ్చినవాళ్లకు సాధారణంగా ఆరు నెలలు ఇస్తారు. ఆ తేదీ దాటి ఒక్కరోజు ఉన్నా, పదేళ్ల వీసా చట్టప్రకారం చెల్లకుండా పోతుంది. 180 రోజులకు మించి అక్రమంగా ఉండి వెళితే మూడేళ్లు, ఏడాది అంతకు మించితే పదేళ్లు మళ్లీ రావడానికి వీలుండదు.

ఐ-94 ఇప్పుడు కాగితం మీద ఇవ్వరు. అమెరికా కస్టమ్స్, సరిహద్దు రక్షణ శాఖ వెబ్‌సైట్లో పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు కొట్టి మనమే తీసుకోవాలి. కొన్ని విమానాశ్రయాల్లో పాస్‌పోర్టు మీద ముద్ర కూడా వేయడం లేదు కనుక, దిగిన వారంలోపే తీసి, అమ్మదీ నాన్నదీ విడివిడిగా చూడాలి. ఒకే విమానంలో వచ్చినా ఇద్దరి తేదీలూ ఒకటే అవుతాయన్న హామీ లేదు. మన పెద్దవాళ్ల విషయంలో పేరు దగ్గరే తరచుగా ఆగిపోతుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్లకు వీసా మీద ఉన్న పేరంతా ఇంటిపేరు స్థానంలోకి వెళ్లి, అసలు పేరు స్థానంలో ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదని) అని మూడు అక్షరాలు పడతాయి. వెతికేటప్పుడు వీసా మీద ఉన్నది ఉన్నట్టే కొట్టాలి. తప్పు తేదీ పడిందనిపిస్తే, దగ్గర్లోని విమానాశ్రయంలో డిఫర్డ్ ఇన్‌స్పెక్షన్ కార్యాలయం ఉందేమో చూసి అక్కడ అడగాలి, అలాంటి దిద్దుబాట్లు వాళ్ల పని. ఐ-94 ప్రింటు ఒకటి చేతిసంచిలో ఎప్పుడూ ఉండాలి. పద్ధెనిమిదేళ్లు నిండిన విదేశీయులు నమోదు రుజువు వెంట ఉంచుకోవాలని చట్టం, సందర్శకులకు ఆ రుజువు ఇదే.

పాస్‌పోర్టు గడువు దగ్గరపడిన వాళ్లకు ఐ-94 కూడా అక్కడికే కుదించే అవకాశం ఉంది. బయలుదేరే ముందే పాస్‌పోర్టు మార్చుకోవడం మేలు. పాతదానిలో ఉన్న వీసా చెల్లుతుంది, రెండూ కలిపి తెచ్చుకోవాలి.

ఇక ఎక్స్‌టెన్షన్. దీన్ని సెల్‌ఫోన్ రీఛార్జిలా చూడటం మానుకోవాలని నా గట్టి అభిప్రాయం. అడిగితే ఇస్తారన్నది నిజమే కావచ్చు, కానీ ఎందుకు అడుగుతున్నారో, ఎప్పుడు వెళ్తారో స్పష్టంగా ఉన్న దరఖాస్తుకే బలం. చికిత్స మధ్యలో ఉంది, శస్త్రచికిత్స తర్వాత డాక్టరు ప్రయాణం వద్దన్నారు, కాన్పు తేదీ వెనక్కి జరిగింది, చిన్నకూతురి స్నాతకోత్సవం ఫలానా నెలలో ఉంది: ఇవన్నీ చెప్పదగ్గ కారణాలు. ‘మనవణ్ని చూసుకోవడానికి ఆయా దొరకలేదు’ అన్నది మాత్రం రాయదగిన కారణం కాదు. బంధువులను చూడటానికి ఇచ్చిన వీసాను జీతమిచ్చి పెట్టుకోవాల్సిన మనిషి స్థానంలో వాడుతున్నట్టు అధికారికి కనిపిస్తుంది. నిజమైన కారణం అదే అయితే టికెట్టు ప్రకారం పంపించడమే మంచిది. లేని జబ్బుకు డాక్టరు సర్టిఫికెట్ పుట్టించమని సలహా ఇచ్చేవాళ్లు ఉన్నారు. ఫారం చివర సంతకం అబద్ధమైతే శిక్షార్హమని ఒప్పుకుంటూ పెట్టేది. ఆ అబద్ధం బయటపడితే శాశ్వతంగా వీసా రాకుండా పోవచ్చు.

ఫారం పేరు ఐ-539. భార్యాభర్తలిద్దరికీ కలిపి అడగొచ్చు, ఒకరు ముఖ్య దరఖాస్తుదారు, రెండోవారికి ఐ-539ఏ. ఇద్దరికీ కలిపి ఒకే ఫీజు: నేను ఇది రాసేనాటికి ఆన్‌లైన్‌లో 420 డాలర్లు, కాగితం మీద 470. వేలిముద్రలకని విడిగా కట్టే 85 డాలర్లు 2023 అక్టోబరు నుంచి ఎత్తేశారు, పాత సూచనలు చూసి కట్టకండి. కాగితం మీద పంపేవాళ్లు చెక్కు జతచేస్తే 2025 అక్టోబరు 28 తర్వాత మామూలుగా తిప్పి పంపేస్తారు. కార్డుకు జీ-1450, బ్యాంకు ఖాతా నుంచి కట్టడానికి జీ-1650 ఫారం జతచేయాలి. తిరిగొచ్చిన దరఖాస్తు వేసినట్టు లెక్క కాదు, ఈలోగా గడువు దాటిపోతే అంతే సంగతులు. అందుకే ఆన్‌లైన్ మేలంటాను, రసీదు నంబరు వెంటనే చేతికొస్తుంది.

ఐ-94 గడువుకు కనీసం 45 రోజుల ముందు వేయమని, ఈ దరఖాస్తులు చూసే అమెరికా వలస సేవల సంస్థ యూఎస్‌సీఐఎస్ చెబుతుంది. గడువు రోజులోగా వాళ్లకు చేరడం తప్పనిసరి, పోస్టు చేసిన తేదీ లెక్కలోకి రాదు. అలాగని దిగిన నెలకే వేస్తే, వచ్చేటప్పుడే ఏడాది ఉండాలనుకుని కౌంటర్లో ఆరు నెలలని చెప్పారన్న అనుమానం వస్తుంది. రెండు నెలల ముందు వేయడం నాకు సబబుగా తోస్తుంది. ఫారంలో తేదీలన్నీ అమెరికా పద్ధతిలో నెల ముందు, రోజు తర్వాత. మన అలవాటు కొద్దీ సెప్టెంబరు 5ను 05/09 అని రాస్తే అది మే 9 అవుతుంది, ఈ పొరపాటు చాలా ఇళ్లలో జరుగుతోంది. ఒక్కసారి ఆరు నెలలకు మించి ఇవ్వరు. అవసరం మూడు నెలలైతే మూడే అడగండి.

జతచేయాల్సినవి: ఇద్దరి ఐ-94లు, పాస్‌పోర్టులో ఫొటో పేజీ, వీసా పేజీ, కారణం వివరిస్తూ ఒక పేజీకి మించని ఉత్తరం, దాన్ని బలపరిచే కాగితాలు, మార్చుకున్న తిరుగు టికెట్టు. ఖర్చు ఎవరు భరిస్తారో చూపాలి. కొడుకో కూతురో భరిస్తుంటే సాధారణంగా ఖర్చు తామే భరిస్తామని రాసిచ్చే ఐ-134 ఫారం, జీతం స్లిప్పులు, పన్ను రిటర్న్, బ్యాంకు స్టేట్‌మెంటు పెడతారు. అడిగిన తేదీ దాకా పాస్‌పోర్టు చెల్లుబాటులో ఉండాలి. తిరిగి వెళ్లడానికి కారణాలున్నాయని చూపేందుకు పింఛను కాగితం, ఇంటి పన్ను రసీదు, పట్టాదారు పాసుపుస్తకం పనికొస్తాయి. అయితే తెలుగులో ఉన్న ఏ కాగితమైనా ఇంగ్లిష్ అనువాదం లేకుండా పెడితే లెక్కలోకి తీసుకోరు. అనువాదం పూర్తిగా, సరిగా ఉందనీ తనకు రెండు భాషలూ వచ్చనీ అనువదించినవారు రాసి సంతకం చేయాలి, నోటరీ అక్కర్లేదు. పాతకాలపు పెళ్లిళ్లకు సర్టిఫికెట్ ఉండదు. అలాంటివాళ్లు మన పాస్‌పోర్టు చివరి పేజీలో జీవిత భాగస్వామి పేరు ఉంటే ఆ పేజీ నకలు జతచేయాలి.

రసీదు వచ్చాక చాలామంది నిశ్చింతగా ఉంటారు. కానీ వేలిముద్రలకు పిలుపు రావచ్చు, ఆ రోజు వెళ్లకపోతే దరఖాస్తు వదిలేసినట్టు లెక్కగట్టి తిరస్కరిస్తారు. మన అమ్మానాన్నలు డల్లాస్‌లో కొడుకింట్లో మూడు నెలలు, న్యూజెర్సీలో కూతురింట్లో మూడు నెలలు ఉంటారు, పిలుపు పాత చిరునామాకు వెళుతుంది. చిరునామా మారిన పది రోజుల్లో తెలియజేయడం చట్టం పెట్టిన బాధ్యత కూడా. ఆన్‌లైన్ ఖాతాలో మార్చుకోవచ్చు, ఆ పని చేసే ఫారాన్ని ఏఆర్-11 అంటారు.

అన్నిటికన్నా అర్థంకాని భాగం ఇది. గడువులోపు, నిజాయితీగా వేసిన దరఖాస్తు పెండింగులో ఉన్నంతకాలం, ఐ-94 తేదీ దాటినా అక్రమ నివాసపు రోజులు లెక్కకు రావు. అంటే అనుమతి వచ్చేసిందని మాత్రం కాదు. నిర్ణయానికి నెలలు పట్టొచ్చు. ఈలోగా మీరు అడిగిన తేదీయే వచ్చేస్తే ఆ రోజుకల్లా బయలుదేరాలి. ఇంకా ఉండాల్సిన అవసరం నిజంగా ఉంటే ఆ తేదీ లోపే రెండో దరఖాస్తు వేయాలి. తిరస్కరిస్తే మర్నాటి నుంచే లెక్క మొదలవుతుంది, ఆలస్యం చేయకుండా బయలుదేరాలి. దానిమీద అప్పీలు లేదు, పునఃపరిశీలనకు ఐ-290బీ వేయొచ్చు గానీ అది వేసినంత మాత్రాన ఉండటానికి హక్కు రాదు. నిర్ణయం రాకముందే ఇండియా వెళ్లిపోయినవాళ్లు రసీదు నకలు, బోర్డింగ్ పాసులు, మన ఇమ్మిగ్రేషన్ ముద్ర ఉన్న పేజీ జాగ్రత్త చేసుకోవాలి. మళ్లీ వచ్చినప్పుడు ‘గడువు దాటాక ఎందుకున్నారు’ అన్న ప్రశ్నకు ఇవే జవాబు.

కెనడా వెళ్లి వారంలో తిరిగొస్తే కొత్తగా ఆరు నెలలు వస్తాయన్న ప్రచారాన్ని నమ్మవద్దు. ముప్పై రోజుల్లోపు పొరుగు దేశం వెళ్లొస్తే మామూలుగా పాత ఐ-94 మీదే రానిస్తారు. ఏడాదిలో ఆరు నెలలే ఉండాలన్న నియమం చట్టంలో లేదు. కానీ ఏడాది ఉండి వెళ్లి మూడు నెలలకే మళ్లీ దిగితే, ఇక్కడే కాపురం ఉంటున్నారని అధికారి అనుకోవచ్చు, వెనక్కి పంపే అధికారం ఆయనకుంది. హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్‌లో వీసా కొత్తగా తీసుకునేటప్పుడూ ఈ రాకపోకల చరిత్ర వాళ్ల ముందుంటుంది. వీసా దరఖాస్తు ఫారమైన డీఎస్-160లో రెండు నెలలని రాసి ఏడాది ఉన్నవాళ్లు కారణం చెప్పగలగాలి. 2025 సెప్టెంబరు 2 నుంచి ఇంటర్వ్యూ మినహాయింపులు బాగా తగ్గించారు. వయసు 79 దాటినంత మాత్రాన మినహాయింపు లేదు, పాత పూర్తికాల బీ-2 వీసా ముగిసి ఏడాది లోపయితేనే ఆ దారి కొంత తెరిచి ఉంది.

బస పెరిగితే ఆరోగ్య బీమా దానంతట అది పెరగదు. పాలసీ ముగియకముందే పొడిగించుకోవాలి. ముగిశాక కొత్తది కొంటే మధ్యలో వచ్చిన జబ్బు ముందునుంచీ ఉన్నదిగా పరిగణిస్తారు. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులు నవంబరులో ఇవ్వాల్సిన జీవన ధ్రువీకరణను కూడా ముందే ఆలోచించుకోవాలి.

చివరగా తెలుగు సంఘాలకు ఒక విన్నపం. మీ వేడుకల్లో స్టాల్ పెట్టి ఫారాలు నింపిపెట్టేవాళ్లు, నింపినవారి పేరూ సంతకమూ ఉండాల్సిన గడిలో సంతకం చేస్తున్నారో లేదో చూడండి. డబ్బు తీసుకుని నింపి, పేరు దాచుకునేవాళ్లను రానివ్వకండి. ఏ ఫారం వేయాలో సలహా ఇచ్చే అధికారం న్యాయవాదులకు, ప్రభుత్వ గుర్తింపు పొందిన ప్రతినిధులకు మాత్రమే ఉంది. ట్రావెల్ ఏజెంటుకు గానీ, నోటరీ బోర్డు పెట్టుకున్నాయనకు గానీ లేదు. ఏడాదికి ఒక్కపూట అలాంటి న్యాయవాదిని పిలిచి, పెద్దవాళ్లకు తెలుగులో చెప్పించండి.

— ఒక పాఠకుడు, ఫ్రిస్కో, టెక్సస్